పడవ లేవాలి

మా ఆయనకు ఇంజను కనపడితే అన్నం అక్కర్లేదు. ఇంట్లో పిండిమర ఉండేది. దాని ఆయిలింజను ఉత్త పుణ్యానికి విప్పి, తుడిచి, మళ్లీ బిగించే మనిషి ఆయన. యుద్ధం అయిపోయాక మిలిటరీ సామాను వేలం వేస్తున్నారని ఎవరో చెబితే బెజవాడ పరిగెత్తి, ఒక చెక్క పడవనూ దాని వెనక తగిలించే మోటారునూ రెండెడ్ల బండి మీద వేసుకుని ఇంటికొచ్చాడు. పడవ అడుగు చాట లాగా చదునుగా ఉంది. వాకిట్లో మిరపకాయలు ఎండబోసుకుంటున్న నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏందయ్యా ఇది? మెట్టచేలో పడవేసుకుని తిరుగుతావా?" అన్నాను.

"కృష్ణానది లేదటే? రేవు దాటాలంటే పూట పడుతుంది. దీని మీదైతే చుట్ట కాల్చినంత సేపు," అన్నాడు.

మేముండేది అచ్చంపేట దగ్గర. కృష్ణ మాకు దగ్గరే కానీ మేము నీళ్ల మనుషులం కాము. మావి బండ్ల బతుకులు. పడవలూ గుండ్రటి పుట్టీలూ రేవు వాళ్ల సంగతి. మాకు తెలిసిందల్లా బండి. వెనక బరువు పడితే కాడి పైకి లేచి పలుపు ఎద్దుల గొంతుకు పడుతుందనీ, ముందు బరువు ఎక్కువైతే ఎద్దుల మెడ కందుతుందనీ చంటిపిల్లలకు కూడా తెలుసు. ఎత్తు వచ్చినప్పుడు బండి మరీ వెనక్కి వాలుతుంది కాబట్టి "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అంటారు. అప్పటికీ ఎద్దులు లాగలేకపోతే మనుషులు దిగి నడవాలి. చుట్టమైనా, పెద్దమనిషైనా దిగాల్సిందే. కడుపుతో ఉన్న మనిషికి ఒక్కదానికే మినహాయింపు. పెళ్లికూతురిగా అత్తగారింటికి పోతూ నేను కూడా ఎత్తు దగ్గర దిగి, పట్టుచీర కుచ్చెళ్లు చేత పట్టుకుని నడిచాను. ఎద్దులు అవస్థ పడుతుంటే బండిలో బిగుసుకు కూర్చున్న మనిషిని మా వైపు మనిషి కింద లెక్కెయ్యరు.

మోటారును మావారు నరసరావుపేట తీసుకెళ్లి సాయిబన్న చేత బాగు చేయించాడు. సాయిబన్న మా పిండిమర మేస్త్రీ, మా ఇంటి మనిషి. యుద్ధకాలంలో కలకత్తాలో మిలిటరీ పడవల షెడ్డులో పనిచేసి వచ్చాడు. మోటారును విప్పి, కడిగి, కొత్త ప్లగ్గు వేసి ఇస్తూ ఒక మాట చెప్పాడు. "అన్నా, నీళ్ల మీద పడవ లేవాలి. లేచిందాకా అది పెట్రోలు తాగుద్ది. లేచిందనుకో, ఇంక పరుగే."

ఆ మాటే మా కొంప ముంచింది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, లేవాలంటే ముక్కు లేవాలని మావారు అనుకున్నాడు. ముక్కు లేవాలంటే ఏం చెయ్యాలి? వెనక బరువెయ్యాలి. బండి మనిషికి అంతకంటే ఏం తోస్తుంది! వెనక పలక దగ్గర ఇసక మూట పెట్టాడు, పెట్రోలు డబ్బా పెట్టాడు, తనూ అక్కడే కూర్చున్నాడు. చాలదన్నట్టు, మోటారు ఎంత వంగాలో చెప్పే చీల ఒకటి ఉంటుంది, దాన్ని పీకి చివరి చిల్లులో గుచ్చాడు. మోటారు పంకా నీళ్లను ఏటవాలుగా తన్నడం మొదలుపెట్టింది. పడవ ముక్కు ఆకాశం చూసింది. వెనక చూస్తే పడవ మునుగుతుందేమో అన్నంత గుంట, ఆ గుంట వెనక ఎద్దు మూపురమంత అల. మోటారు గోలకు రెండు గట్లూ దద్దరిల్లేవి గానీ, ఒడ్డున నడిచే మనిషి మమ్మల్ని దాటిపోయేవాడు.

"చూడవే, లేచింది!" అని కేకేసేవాడు మావారు.

"లేచిందిలే, మా దున్నపోతు ఇంతకంటే బాగా ఈదుద్ది," అనేదాన్ని నేను.

పెట్రోలు అప్పట్లో కూపన్ల మీద ఇచ్చేవారు. ఉన్నదల్లా ఈ సంబరాలకు తగలేస్తే, చివరికి ఒక్క డబ్బా మిగిలింది. దాన్ని నేను గాదె వెనక దాచి, ఆ గది తాళం చెవి మొలకు దోపుకున్నాను. ఆ పని చేసినందుకు ఇప్పటికీ నన్ను నేనే మెచ్చుకుంటాను.

మా అక్కను కృష్ణకు అవతల, నైజాం ఇలాకాలో ఇచ్చారు. మా రేవు నుంచి దిగువకు పోయి, మలుపు తిరిగితే వాళ్ల ఊరు. అప్పటికి అక్కకు రెండు కాన్పులు పోయాయి. రెండుసార్లూ బిడ్డ ఏడవలేదు. మొదటిసారి అందరం దేవుణ్ణి తిట్టాం. రెండోసారి నేను దేవుణ్ణి వదిలేసి అక్క అత్తను తిట్టాను. నెలలు నిండకముందే అక్కను తీసుకుపోయి మిషను డాక్టరమ్మకు చూపిస్తామని మేమంటే, "మా ఇంటి కోడలు మా ఇంట్లోనే నీళ్లాడుతుంది" అని పంపలేదు ఆ మనిషి. బిడ్డ పోయిన ఆ రోజు ఆమె మొహం మీదే అన్నాను. "నా అక్క బిడ్డను పొట్టన పెట్టుకున్నది నువ్వు," అని. ఆ తర్వాత ఆమెను అత్తా అని పిలవడం మానేశాను. ఆమె ఎదుటపడితే గోడతో మాట్లాడినట్టు మాట్లాడేదాన్ని. ఆమె తక్కువ తిందా! నన్ను చూస్తే ఆమె కూడా గోడనే చూసేది.

స్వరాజ్యం వచ్చిన మరుసటి వానాకాలంలో అక్కకు మూడోసారి నెలలు నిండాయి. అవతల గట్టున అల్లర్లు. పడవలన్నీ ఇవతల గట్టునే కట్టేసుకోవాలని హుకుం వచ్చింది. దాని మీద వరద. అక్క ఊరి మగవాళ్లు, మా బావతో సహా, భయపడి కొండల్లోకి పోయారని వినడమే తప్ప ఏ కబురూ లేదు. అలాంటి రోజుల్లో ఒక పొద్దున్నే ఆ ఊరి జాలరి ఒకడు సొరబుర్రలు నడుముకు కట్టుకుని ఏరూ వాగూ ఈది, గట్టు వెంట నడుచుకుంటూ వచ్చి, మా వాకిట్లో కూలబడ్డాడు.

"అమ్మా, మీ అక్కకు కాళ్లు వాచినయ్. మొహం వాచింది. కళ్లు మసకలంటుంది. మీ అక్క అత్తే పంపింది నన్ను. ఎట్టన్నా తీసుకుపొమ్మంది," అన్నాడు.

కిందటిసారి బిడ్డ పోయాక డాక్టరమ్మ నాతో చెప్పిన మాటలు అవే. కాళ్లూ మొహం వాచి, చూపు మసకబారితే తల్లీ బిడ్డా ఇద్దరి మీదికీ వస్తుంది, ఆ క్షణమే నా దగ్గరికి తెమ్మంది. ఆమె వారానికొకసారి కారులో అచ్చంపేట వచ్చి రోగులను చూసేది. దేవుడి దయ, ఆ రోజు ఆమె వచ్చే రోజే. మావారు పరుగున పోయి కాళ్లావేళ్లా పడితే, రేవు దగ్గరి సత్రానికి వచ్చి కూర్చుంటాననీ, పొద్దుగూకే దాకా ఉంటాననీ, ఆ తర్వాత వాగులు పొంగితే కారు పోదు కాబట్టి వెళ్లిపోవాల్సిందేననీ చెప్పింది.

పుట్టి వాళ్లను అడిగాం. దిగువకు పోవడానికి ఇష్టపడ్డారు గానీ, తిరిగి వరదకు ఎదురు రావడం తమ వల్ల కాదన్నారు. అక్క ఊరికి ఎదురుగా ఇవతల గట్టున దించుదామంటే అక్కడి బండిబాట వాగు నీళ్లలో మునిగి ఉంది. మిగిలింది మా మోటారు పడవ. నేను గాదె వెనక నుంచి డబ్బా తెచ్చి మావారి ముందు పెట్టాను.

"ఇది చాలుద్దా?" అన్నాను.

ఆయన డబ్బా ఊపి చూశాడు. "పోవడానికి ఏట్లో వాటం ఉంది. రావడానికే..." అని ఆగిపోయాడు. ఆయన మాట మధ్యలో ఆపడం నేనెప్పుడూ చూడలేదు. నాకు భయం వేసింది.

ఆడమనిషి తోడు ఉండాలి కాబట్టి నేను కూడా పడవెక్కాను. మావారు పలక దగ్గర కూర్చుని, నన్ను తన కాళ్ల దగ్గర కూర్చోమన్నాడు. ఇసక మూట సరేసరి. తాడు చుట్టి లాగితే మోటారు అందుకుంది. ముక్కు లేచింది, ఎదురుగా ఏముందో కనపడలేదు, వెనక ఆ దిక్కుమాలిన గుంటలో ఎర్రనీళ్లు సుడులు తిరుగుతున్నాయి. డబ్బాలో పెట్రోలు తగ్గుతున్న చప్పుడు నా చెవికి తెలుస్తూనే ఉంది. ఏటి వాటాన పోతూనే ఇంత తాగితే ఎదురెట్టా వస్తాం?

"ఈ ఇసక మూటెందుకయ్యా? తీసి ఏట్లో పారెయ్!" అన్నాను.

"నీకేం తెలుసే? పడవ లేవాలని సాయిబన్న చెప్పలా?"

"సాయిబన్న చెప్పింది ఇదా? ఇట్టా తోక మీద కూర్చున్న కుక్కలాగానా?"

"నోరు ముయ్యవే, అక్క గురించి నీకొక్కదానికే బాధా?"

ఆ మాటకు నాకు అగ్గి మీద గుగ్గిలం వేసినట్టయింది. ఏడుపూ కోపం రెండూ కలిసి వచ్చాయి. ఆయన మొహం చూడబుద్ధి కాలేదు. ఏటి మధ్య పడవలో అలిగి ఎక్కడికి పోతాం? లేచి, చేతికందిన ఇసక మూటను బరబరా ఈడ్చుకుంటూ పడవ ముక్కు దగ్గరికి పోయి, ఆయనకు వీపు పెట్టి కూర్చున్నాను. "ఒసేయ్, పడతావే! వెనక్కి రావే!" అని అరుస్తున్నాడు. రానంటే రానన్నాను.

అప్పుడు జరిగింది అది. ముందు ముక్కు దిగింది. ఎదురుగా నది కనపడింది. ఆ తర్వాత కాళ్ల కింద పలకలు టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. మోటారు గొంతు మారింది. అప్పటిదాకా మూలుగుతున్నది సన్నగా, హాయిగా కూతపెట్టింది. రెండు పక్కలా లేచే నీళ్లు నా పక్క నుంచి వెనక్కి వెనక్కి జరిగిపోయాయి. తిరిగి చూస్తే పడవ వెనక గుంట లేదు, మూపురం లేదు. పడవ నీళ్లలో కాదు, నీళ్ల మీద పోతోంది. గాలికి నా కొంగు నిలవలేదు.

మావారు నోరు తెరుచుకుని కూర్చున్నాడు. తర్వాత నెత్తిన కొట్టుకున్నాడు. "ఎత్తే! ఎత్తు ఎక్కుతుందే ఇది! అది లేపిన అల మీదికి అదే ఎక్కాల! ఎత్తు ఎక్కేటప్పుడు ముందుకు జరగమంటాం గదే బండిలో!" అని పిచ్చిగా నవ్వాడు. సాయిబన్న లేవాలన్నది ముక్కు కాదు, మొత్తం పడవ అని అప్పటికి మాకు అర్థమైంది. ఆయన పెట్రోలు మీట కొంచెం తగ్గించినా పడవ దిగలేదు, అదే పరుగు. నా కోపం పోయింది గానీ ఆ సంగతి ఆయనకు తెలియనివ్వలేదు.

మలుపు తిరిగి అక్క ఊరి గట్టుకు చేరేసరికి గుడ్డి ఎండ కాస్తోంది. ఊళ్లో కుక్కలు తప్ప చప్పుడు లేదు. మావారు మోటారు చీల పీకి లోపలి చిల్లుకు మార్చి, ఇసక మూట గట్టున పారేస్తుంటే, నేను ఇంటికి పరిగెత్తాను. అక్క నులకమంచం మీద ఉంది. మొహం గుర్తుపట్టలేనంత ఉబ్బి ఉంది. నేను ఎదురుగా నిలబడితే "ఎవరూ?" అంది. ఆమె అత్త పక్కనే నిలబడి ఉంది. ఏపైన మనిషి, బరువైన మనిషి. నావైపు చూడకుండా గోడతో అంది.

"తెల్లారుజామున నొప్పులు మొదలైనయ్. ఇంకో ఘడియ ఇక్కడుంటే ఇద్దరూ దక్కరు. పట్టండి."

నులకమంచంతోనే గట్టుకు తెచ్చి, పడవ నడుమ బొంతలు పరిచి పడుకోబెట్టాం. ఆమె కూడా ఒక గుడ్డల మూట నెత్తిన పెట్టుకుని వచ్చి నిలబడింది. మగదిక్కు లేని ఆ ఊళ్లో ఆమెను ఒంటరిగా వదిలి వచ్చే వీలు లేదు. అక్క కూడా ఆమె చెయ్యి వదలలేదు. "పెద్దమ్మా, నువ్వూ ఎక్కు," అన్నాడు మావారు. ఈమెందుకని నా నోటి దాకా వచ్చింది, మింగేశాను.

నేను ముక్కు దగ్గర కూర్చున్నాను, ఆమె అక్క తల ఒళ్లో పెట్టుకుంది. మోటారు అందుకుంది. ఇప్పుడు వరదకు ఎదురు. ముక్కు లేచింది, లేచి అలాగే ఉండిపోయింది. వెనక గుంట మళ్లీ పడింది. మావారు మీట పూర్తిగా తిప్పేశాడు. మోటారు అరిచిన అరుపుకు అక్క చెవులు మూసుకుంది. ఎంత అరిచినా గట్టున ఉన్న ఒంటి తాటిచెట్టు మాకు ఎదురుగానే ఉంది, వెనక్కి జరగడం లేదు.

"పెద్దమ్మా, ముందుకు జరుగు!"

ఆమె ముందుకు, నా పక్కకు వచ్చింది. ముక్కు ఒక్కసారిగా దిగి, ఎర్రనీళ్లు మా ఒళ్లోకి కొట్టుకొచ్చాయి. నేను చెంబుతో తోడిపోస్తున్నాను. "కొంచెం వెనక్కి!" ఆమె వెనక్కి జరిగింది, ముక్కు మళ్లీ ఆకాశం చూసింది. ముందుకైతే మునుగుతాం, వెనక్కైతే ఈడుస్తాం. ఎక్కడ కూర్చున్నా బరువు బరువే. పడవ ఆ ఎత్తు అంచు దాకా ఎక్కుతుంది, గింజుకుంటుంది, మళ్లీ జారిపోతుంది. చచ్చీ చెడీ మలుపు దాకా వచ్చాం. డబ్బా సగానికి పైగా అయిపోయింది. అక్కకు నొప్పి వచ్చింది. అరవలేదు, పళ్లు కొరికింది. ఆ పళ్ల చప్పుడు మోటారు గోలలో కూడా నాకు వినపడింది.

"చాలదు," అన్నాడు మావారు. ఎవరి వంకా చూడలేదు. "ఇట్టాగైతే రేవు దాకా పోలేం."

నేను ఆమె వంక చూశాను. ఆమె నా వంక చూసింది. ఎన్నాళ్ల తర్వాతో గోడను కాకుండా నన్నే చూసింది. నా మనసులో ఏముందో ఆమెకు తెలుసు. ఆమె దిగితే బాగుండునని నేను అనుకుంటున్నాను, అబద్ధం ఎందుకు? కానీ ఏటి మధ్య మనిషిని దిగమని ఏ నోటితో అంటాం?

"ఒరేయ్ అబ్బాయ్," అంది ఆమె మావారితో. "ఆ బండ పక్కకు పోనియ్."

గట్టు దాకా పోయి దించి వచ్చేంత పెట్రోలు లేదు. ఏటి నడుమ ఒక నల్లబండ ఉంది. దాని దిగువ పక్కన నీళ్లు కొంచెం నిదానంగా ఉన్నాయి. మావారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక "వద్దు పెద్దమ్మా! వరద పెరుగుతుంది! పైన చానా మబ్బుంది!" అన్నాడు.

"ఎత్తు వస్తే బండి దిగాల. ఆ మాత్రం మర్యాద నాకు తెలవదా? కడుపుతో ఉన్నది దిగగూడదు. బండి తోలేవాడు దిగగూడదు. దాన్నేమో ముందు మొగ్గు కోసం కూర్చోబెట్టావు." నన్ను చూపించింది. "ఇంక మిగిలిందెవరు? పోనియ్యరా!"

"అత్తమ్మా, వద్దు," అని అక్క ఆమె చీర చెంగు పట్టుకుంది. ఆమె ఒక్కో వేలూ విప్పింది. "ఏమే, చెయ్యి వదులు. ఈసారి ఏడుపు వినాల నేను," అంది. అని, పడవ బండను తాకగానే, అంత బరువైన మనిషి మూట నెత్తిన పెట్టుకుని చెంగున దిగింది. పడవ ఒక్క జానెడు పైకి తేలింది. ఆమె దిగినందుకు పడవ ఎంత తేలికపడిందో కళ్లారా చూశాను. ఆ చూడటం నాకు ఇష్టం కాలేదు.

మావారు మీట తిప్పాడు. పడవ ఎత్తు ఎక్కింది, గింజుకుంది, నేను ముక్కు మీదికి ఇంకా వంగాను, ఒక్క ఊపున దాటేసింది. పలకలు టకటకా కొట్టుకున్నాయి. గట్టు మీద చెట్లు పరిగెత్తడం మొదలుపెట్టాయి. వెనక్కి తిరిగి చూస్తే బండ మీద నిలబడిన ఆమె కనపడింది. చెయ్యి ఊపలేదు, పిలవలేదు. మేం కనపడకుండా పోయే దాకా అలాగే నిలబడి ఉంది.

రేవు కనపడుతుండగానే మోటారు దగ్గింది, రెండుసార్లు తుళ్లింది, ఆగిపోయింది. డబ్బా ఖాళీ. రేవు వాళ్లు తాడు విసిరి మమ్మల్ని గట్టుకు లాగారు. మేమిద్దరం అక్కను సత్రంలోకి మోసుకుపోయాం, మా బట్టలకు నెత్తురైంది. డాక్టరమ్మ అక్క మొహం ఒక్కసారి చూసి, "అందరూ బయటికి!" అని తలుపు వేసుకుంది.

ఇక అప్పుడు మొదలైంది నా నరకం. తలుపుకు ఇవతల నేను. లోపల అక్క. దిగువన బండ మీద ఆమె. పైన కొండల మీద ఉరుము. మావారు రేవు మెట్టు ఒకటి గుర్తు పెట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి ఆ మెట్టు మునిగింది. దాని పై మెట్టు తడిసింది. పుట్టి వాళ్ల దగ్గరికి పరిగెత్తి చేతులు పట్టుకున్నాడు. ఆ బండ దగ్గర సుడి ఉంటుంది, పుట్టి నిలవదు, చచ్చిపోతామన్నారు. వాళ్లను తప్పుపట్టలేం. పెట్రోలు కావాలి. పెట్రోలున్నది ఒక్క డాక్టరమ్మ కారులో. డ్రైవరును అడిగితే, "అమ్మగారు చెప్పకుండా చుక్క కూడా ఇవ్వను. నా నౌకరీ పోతది," అన్నాడు. అమ్మగారు తలుపు లోపల ఉంది. ఆ తలుపు కొట్టడానికి లేదు. కొడితే లోపల చెయ్యి వణికితే? కొట్టకపోతే అక్కడ నీళ్లు పెరిగితే?

రెండుసార్లు తలుపు దాకా పోయి వెనక్కి వచ్చాను. నా జన్మలో ఎవరి కోసమూ అన్ని మొక్కులు మొక్కలేదు. సగం అక్క కోసం, సగం, ఆశ్చర్యం, ఆ మనిషి కోసం. "అమ్మా కృష్ణమ్మా, కొంచెం ఆగవే తల్లీ, కొంచెం ఆగు" అని పైకే అంటున్నాను. లోపల అక్క ఒక్క కేక పెట్టింది. తర్వాత చప్పుడు లేదు. కిందటి రెండుసార్లూ ఇలాగే కేక తర్వాత చప్పుడు లేదు.

అప్పుడు ఏడ్చింది బిడ్డ. ముందు పిల్లి కూనలాగా సన్నగా, తర్వాత సత్రం కప్పు ఎగిరిపోయేట్టు. నేను కూడా ఏడ్చాను. తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ "ఇద్దరూ బాగున్నారు" అంటోంది, నేను బిడ్డ సంగతైనా అడగకుండా ఆమె కాళ్ల మీద పడి "పెట్రోలు, అమ్మా, పెట్రోలు!" అన్నాను. ఆమె నాకు మతి పోయిందనుకుంది. మావారు వచ్చి చెప్పగానే డ్రైవరును కేకేసింది. కారులో గొట్టం పెట్టి నోటితో పీల్చి డబ్బాలోకి వదిలారు. మావారు అందులో ఇంజను నూనె కలిపాడు.

"నువ్వు అక్క దగ్గరుండు," అన్నాడు నాతో. అని, పడవ దాకా పోయి ఆగి వెనక్కి చూశాడు. "లేదు, నువ్వూ రా. ముందు బరువు లేకపోతే ఇది లేవదు."

పొద్దు కొండల మీదికి వాలింది. నేను ముక్కు దగ్గర కూర్చున్నాను. పడవ లేచింది, నీళ్ల మీద పోతోంది, అయినా నాకు అది ఎద్దుబండి నడకలాగే ఉంది. మలుపు వచ్చింది. బండ ఉండాల్సిన చోట బండ లేదు. ఇంకొంచెం దగ్గరికి పోతే కనపడింది. బండ కాదు, మనిషి. మోకాళ్ల దాకా నీళ్లలో, మూట నెత్తి మీద, రెండు చేతుల్తో పట్టుకుని నిలబడి ఉంది. కాళ్ల కింది బండ మాకు కనపడటం లేదంతే.

మావారు మోటారు తగ్గించి దిగువ నుంచి మెల్లగా పక్కకు తెచ్చాడు. ఆమె మా ఇద్దరినీ చూసింది. పడవలో అక్క లేదు, మా బట్టల మీద నెత్తురు ఉంది. ఆమె మొహంలో రంగు పోయింది. బతికిందా అనలేదు, ఆడా మగా అనలేదు.

"ఏడ్చిందా?" అంది.

తల ఊపాను. అది చాలలేదు ఆమెకు. నా నోటి వంకే చూస్తూ నిలబడింది, పడవ అంచు పట్టుకోలేదు.

"ఏడ్చింది," అన్నాను. "రేవంతా వినపడేట్టు ఏడ్చిందత్తా."

అత్తా అనే మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఆమె నెత్తి మీది మూట పడవలోకి జారిపోయింది. రెండు చేతుల్తో మొహం కప్పుకుని, ఆ నీళ్లలో నిలబడి, భోరున ఏడ్చింది. ఆ మనిషి ఏడవగలదని నేనెప్పుడూ అనుకోలేదు. మావారు "నీళ్లు పెరుగుతున్నయ్, ఎక్కు పెద్దమ్మా" అని కంగారు పెడుతున్నాడు. నేను చెయ్యి చాచాను.

ఆమె చెయ్యి పట్టుకోబోయి ఆగింది. పడవ వంకా, మోటారు వంకా, వరద వంకా చూసింది.

"నేనెక్కితే మళ్లీ లేవదేమోనే," అంది.

"లేస్తదత్తా," అన్నాను. "నువ్వు ఎక్కి నా పక్కన ముందుకు కూర్చో."